మూడు పూతల ఆకుపచ్చ బండి

బ్యాటరీ దుకాణంవాడు నాకు చచ్చిన బ్యాటరీ అంటగట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. తప్పు ఒప్పుకోలేదు సరికదా, నవ్వాడు.

ఆ బ్యాటరీ మూలంగానే మా ఆవిడ నా బండి ఎక్కడం మానేసింది. గల్ఫ్‌లో, దోహా దగ్గరి మెసయీద్‌లో, కంపెనీ ఇచ్చిన క్వార్టర్‌లో ఉండేది మేమిద్దరమే. శుక్రవారం పొద్దున్నే, దసరాకు కొత్తగా రంగు వేసిన నా పాత మోటార్‌సైకిల్ మీద దోహా వెళ్ళి, అల్ మన్సూరాలో కూరగాయలు కొని, టీ తాగి రావడం మా అలవాటు. వారమంతా ఇంట్లో ఏ మాటకూ పొసగని మేం ఆ దారిలో మాత్రం గొంతులు చించుకొని కబుర్లాడుకుంటాం. గాలికి సగం మాటలు వినపడవు. అందుకే తగాదా రాదు.

ఒక శుక్రవారం తిరుగుదారిలో బండి ఆగిపోయింది. ఎక్కడా నీడ లేదు. ఆవిడ గోంగూర కట్ట నెత్తిన పెట్టుకొని కాసేపు నిలబడింది. అంతలో మా కంపెనీ బస్సు వస్తే చెయ్యెత్తి ఆపి ఎక్కేసింది. బండి నెట్టుకుంటున్న నాతో కిటికీలోంచి ఒకటే మాట: "పైలం! బండికి ఎండ తగులుతది!"

ఆ తర్వాతి వారం నుంచి పక్కింటివాళ్ళ కారులో వెళ్తోంది. "నా బండెక్కవా?" అని ప్రతి శుక్రవారం అడిగేవాణ్ణి. ఆవిడ సంచి తీసుకొని కారెక్కేది.

దోహా ఇండస్ట్రియల్ ఏరియాకు పోయి దుకాణంవాడి మీద పడ్డాను. మా జిల్లావాడే.

"కాకా, బ్యాటరీ మంచిగనే ఉన్నది. నీ బండే దానికి బువ్వ పెడ్తలేదు."

"నాకే చెప్తున్నవా? నువ్వు పుట్టకముందుకెల్లి గల్ఫ్‌ల ఉన్న నేను!"

బండి ఛార్జింగ్‌కూ నా గల్ఫ్ ఏళ్ళకూ సంబంధమేమిటని వాడు అడగలేదు. నవ్వి, వేరే బ్యాటరీ ఇచ్చాడు. అదీ చచ్చింది.

నేను బడికి పోయింది తక్కువ. ఇంగ్లీషు అక్షరాలు రంగు డబ్బాల మీద నేర్చుకున్నాను. కరెంటు సంగతి ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. మీటర్ కొన్నాను. ఇంజన్ నడుస్తుంటే బ్యాటరీ దగ్గర పద్నాలుగు వోల్టులు చూపాలి. పన్నెండు దగ్గరే ఆగింది. అంటే బండిలో పుట్టిన కరెంటు బ్యాటరీకి చేరడం లేదు. దుకాణంవాడు చెప్పిందీ అదే. కానీ ఇది నేను సొంతంగా కనుక్కున్నాను గనక వేరే సంగతి.

కరెంటు పుట్టించే కాయిల్ చూశాను. బాగుంది. ఆ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మలిచే రెగ్యులేటర్ కొత్తది వేశాను. అయినా అంతే. ఇక బండిలో అనుమానించడానికేమీ మిగలక, దాన్ని చేసిన దేశాన్ని తిట్టాను.

చివరికి ఒక వీడియోలో విన్నాను: ఈ రకం పాత బండ్లలో రెగ్యులేటర్ ఒళ్ళు బండి చట్రాన్ని ఇనుముకు ఇనుముగా తాకాలి. లేకపోతే కరెంటుకు దారి లేదు. మళ్ళీ బోల్టులు విప్పి, ఈసారి దాని అడుగున చూశాను. కింద ఆకుపచ్చ రంగు. మూడు పూతలు, నిగనిగలాడుతూ.

వేసింది నేనే. నా ఉద్యోగం పెయింటింగ్ ఫోర్‌మన్. ఇక్కడి ఉప్పుగాలికి పైపులు తుప్పు పడతాయని, ఎక్కడైనా గోరంత ఇనుము కనపడితే పనివాళ్ళ మీద విరుచుకుపడేవాణ్ణి. ఏ పైపు మీద ఎవరు ఎంత మేర వదిలేశారో ఇప్పటికీ చెప్పగలను. ఆ నిష్ఠతోనే దసరా పూజకు బండినంతా విప్పి, ఏ మూలా వదలకుండా వేశాను. "గింత మందమా? గోడకేస్తున్నవా?" అని ఆవిడ అడిగింది కూడా. "నీకేం తెల్సు," అన్నాను.

గరుకు కాగితం తెచ్చాను. మొహం పక్కకు తిప్పుకొని గీకితే చుట్టుపక్కల రంగు కూడా కొంత లేచిపోయింది. రెగ్యులేటర్ మళ్ళీ బిగిస్తే మీటర్ పద్నాలుగు దాటింది. దుకాణంవాడికి ఫోన్ చేసి చెప్పాను. వాడు మళ్ళీ నవ్వాడు. ఆ నవ్వడం మాత్రం ఇప్పటికీ తప్పే.

శుక్రవారం పొద్దున బండి స్టార్ట్ చేసి గుమ్మం ముందు పెట్టాను. ఆవిడ సంచితో బయటికొచ్చింది. పక్కింటి కారు హారన్ కొట్టింది.

"గీడ రంగేమైంది?"

"గీకిన."

"ఎవలు?"

"నేనే."

ఆవిడ వంగి ఆ గీకిన చోటును వేలితో తడిమింది. "బండెక్కవా?" అని మళ్ళీ అడిగాను. కారువాళ్ళను పొమ్మని చెయ్యూపి, సంచి నా చేతికిచ్చింది.

"ఎక్కుత గని, తొవ్వ పొడుగూత ఆ వోల్టుల ముచ్చట చెప్పినవనుకో, మళ్ళ బస్సాపుత."