నా బదులు మాట్లాడిన సార్

సార్ పోయారన్న కబురు మా డిపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దానికి ముందున్న మెసేజ్ ఆయనదే, శనివారం గెస్ట్ లెక్చర్‌కి అందరూ రావాలని. గుండెపోటట, రాయగడలో, సొంత ఇంట్లోనే. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. ఫోన్ బోర్లించి కూర్చున్నాను.

కోరాపుట్‌లో మా కాలేజీ కంప్యూటర్ సైన్స్ విభాగానికి పెద్ద ఊళ్ల నుంచి ఎవరైనా వచ్చి మాట్లాడారంటే అది ఆయన పట్టుదలే. విశాఖ నుంచి వచ్చే ప్రొఫెసర్లను స్టేషన్‌కి తానే వెళ్లి తీసుకొచ్చేవారు. ప్రొజెక్టర్ మొరాయిస్తే బల్లెక్కి దాన్ని ఒక్కటి చరిచి, "దీనికీ నాలాగే రిటైర్‌మెంట్ దగ్గర పడింది" అనేవారు.

నేను కాన్వెంటులో చదివాను. అడిగితేనే నోరు విప్పాలని అక్కడ నేర్చుకున్నాను. కాలేజీలో ఎవరూ అడగలేదు. మొదటి సెమినార్‌లో చివరి వరసలో కూర్చున్న నా దగ్గరికి ఆయనే వచ్చి వంగారు.

"ఏటమ్మి, అలా కూకున్నావు. ఏదైనా అడగాలనుందా?"

తలూపాను.

"కాగితం మీద రాసియ్యి. నేనడుగుతాను."

రాసిచ్చాను. ఆయన లేచి తన ప్రశ్నలాగే అడిగారు. వచ్చిన ప్రొఫెసర్ "మంచి ప్రశ్న" అన్నారు. సార్ నా వైపు చూసి కళ్లజోడు సర్దుకున్నారు. అప్పటి నుంచి ప్రతి సెమినార్‌కీ ఒక కాగితం. అంత దయ ఆ కాలేజీలో నాకు ఇంకెవరూ చూపలేదు. దీన్ని తగ్గించి రాయను.

ఇక్కడి సంతల్లో మాట్లాడే దేశియా భాషను విని, ఒడియా అక్షరాల్లో రాసే ప్రోగ్రాం ఒకటి ఆఖరి సంవత్సరంలో చేశాను. లక్ష్మీపూర్ సంతకి వెళ్లి, కూరగాయలమ్మే ఆడవాళ్ల గొంతులు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. ఎవరితోనూ మాట్లాడలేని నేను ఆ పని కోసం మాట్లాడాను. సార్ ప్రతి వారం చూసేవారు. "పని గట్టిగా ఉంటే గొంతు దానంతటదే వస్తాది" అనేవారు. పెద్ద సెమినార్‌లో నా చేతే చెప్పిస్తానన్నారు. రోజూ అద్దం ముందు నిలబడి సాధన చేశాను.

ఆ రోజు వేదికెక్కింది ఆయన. తెర మీద మొదటి పేజీలో ఆయన పేరొక్కటే. నా వాక్యాలే చెప్పారు. నేను ఆగుదామనుకున్న చోటే ఆగారు. తర్వాత ఒక రికార్డింగ్ వినిపించారు. "దీన్నేమంటారు?" అని దేశియాలో నా గొంతు. "కొనవు గానీ పేరడుగుతావేం" అని ఒక ముసలామె. హాలంతా నవ్వింది.

"ఎవరా అమ్మాయి?" అని అతిథి అడిగారు.

"మా స్టూడెంటే. రికార్డింగుకి సాయం చేసింది" అన్నారు సార్.

టీ దగ్గర ఎదురుపడ్డాం. ఆయనే అన్నారు, "నువ్వు నోరిప్పవు కదమ్మి. అందుకే నేను సెప్పేసేను. ఇది నీదని అందరికీ సెప్తాన్లే."

చెప్పారో లేదో తెలుసుకోవడానికే రాయగడ వెళ్లాను. ఆయన చెబితేనే ఎవరైనా నమ్ముతారు. ఇక ఆయన చెప్పలేరు. కనీసం ఇంట్లో ఒక్కరితోనైనా అని ఉంటే చాలనుకున్నాను.

ఆయన భార్య చాప మీద కూర్చుని ఉన్నారు. "నీ పేరేటి అమ్మి?" అన్నారు. చెప్పాను. మా కాలేజీ పేరూ చెప్పాను. నా పేరు ఆవిడకి కొత్త.

"కోరాపుట్ పిల్లవా. ఆ సంత మాటల ప్రోగ్రాం సేసినప్పుడు మనిషి అన్నం కూడా సరిగా తినలేదు. ఎంత కష్టపడ్డారో నీకు తెలీదు."

ఆవిడ అబద్ధమాడటం లేదు. ఆయన ఇంట్లో కూడా అలాగే చెప్పుకున్నారు.

"అది..." అన్నాను.

"ఏటమ్మి?" ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో ఆవిడ నా ముఖంలోకి చూశారు.

"ఏం లేదండీ."

ఫొటో ముందు దీపం. దాని వెనక, ఆ సెమినార్‌లో ఆయనకిచ్చిన ఇత్తడి జ్ఞాపిక.

"దాన్ని కాస్త ముందుకి జరుపమ్మి. వచ్చినోళ్లకి కనపడ్డం లేదు."

రెండు చేతులతో ఎత్తి దీపం ముందు పెట్టాను. ఆయన పేరు మీద నా వేళ్ల గుర్తులు పడ్డాయి. ఆవిడ వంగి, చీర కొంగుతో వాటిని మెల్లగా తుడిచేశారు.