రెండు వేళ్ళ గుడ్డ

ఆ టైలర్‌ని వీధిలో అందరూ కంటికొలత అనేవారు. మెడలో టేపు వేలాడేది గానీ అది అలంకారానికే. గడప దాటి వచ్చిన మనిషిని ఒక్కసారి పైనుంచి కిందికి చూసి, సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీసేవాడు. "ఎలా తెలుస్తుందయ్యా?" అని అడిగితే, "వాన రాబోతోందని చీమకెవరు చెప్పారు?" అని నవ్వేవాడు.

కాజాలు కుట్టేది ఆయన భార్య. ఆవిడ కంటితో చూస్తే గాని ఏదీ నమ్మేది కాదు. "దేవుడికి దణ్ణం పెట్టేటప్పుడు కూడా ఒక కన్ను తెరిచే ఉంచుతావే నువ్వు!" అని ఆయన ఏడిపించేవాడు.

ఇప్పుడు గుడ్డ కప్పిన మిషను పక్కన కూర్చుంటే ఆవిడకు ఆ మధ్యాహ్నాలే గుర్తొస్తాయి. కిటికీలోంచి పడే ఎండలో తేలే నూలుపోగులు, కొత్తగుడ్డ గంజివాసన, గుండుసూదులు పళ్ళ మధ్య పట్టుకుని ఆయన తీసే కూనిరాగం.

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే ఆమె మొదటిసారి వచ్చిందీ అలాంటి మధ్యాహ్నమే.

"మావాడికి చొక్కా కుట్టాలన్నా."

"రమ్మను, ఒకసారి చూస్తాను."

"వాడు లేడుగా. నామీద అలిగి పోయినేడు వెళ్ళిపోయాడు. పద్నాలుగేళ్ళు అప్పటికి. తిరిగొచ్చేసరికి ఒంటిమీద ఏముంటుందో ఏమో."

"ఇప్పుడెంత ఉంటాడమ్మా?"

ఆమె అరచేతిని గాలిలో తన భుజం దగ్గర ఆపింది. ఆ చేతి కింది ఖాళీలోకి ఆయన చాలాసేపు చూశాడు. ఎప్పుడూ లేనిది, గీతకు ముందు తటపటాయించాడు.

ఆమె వెళ్ళగానే భార్య అందుకుంది. "లేని మనిషికి కొలతా? చోద్యం! లేనిపోని ఆశ పెడుతున్నావ్ పాపం."

"నేనెక్కడ పెట్టానే? గుడ్డతో పాటు ఆశ కూడా ఆవిడే తెచ్చుకుంది. కుట్టడమే నా పని."

ఏటా ఒక చొక్కా. ఏటా ఆ అరచెయ్యి కాస్త పైకి లేచేది. అలా ఎనిమిదేళ్ళు. తొమ్మిదో ఏడు ఆయన లేడు.

ఆమె మాత్రం వచ్చింది. సంచిలో కొత్తగుడ్డ, దాని మీద కొలతకని నిరుటి చొక్కా, మడత నలగకుండా.

"అన్న లేడని తెలుసు వదినా. కాస్త నువ్వే..."

భార్య ఈ రోజు చెప్పేయాలనుకుంది. తొమ్మిదేళ్ళుగా నాలుక చివర దాచుకున్న మాట: వాడు రాడమ్మా, ఇక చాలించు. మాట కూడదీసుకునే వరకూ చేతులకేదో పని కావాలని నిరుటి చొక్కాను తీసి తిరగేసింది.

పక్కకుట్లలో గుడ్డ మందంగా తగిలింది. వేలు పెట్టి చూసింది. రెండు వేళ్ళ వెడల్పు వదిలి, లోపలికి మడిచి కుట్టాడు. భుజాల దగ్గరా అంతే. చేతుల అంచుల్లోనూ అంతే. ఇన్నేళ్ళూ ముందుపట్టీ మీద కాజాలు కుట్టి ఇచ్చేసిందే గాని, ఆవిడ ఏనాడూ లోపల చూడలేదు.

గోరంతకు మించి గుడ్డ వదిలితే చేతకానితనం అనేవాడు ఆయన. ఊరందరి ఒళ్ళూ చదివిన ఆ కళ్ళకు ఆ కుర్రవాడు కనిపించలేదన్నమాట. కనిపించకపోయినా, వచ్చాక బిగుతైతే విప్పుకోవడానికి చోటు ఉంచాడు.

నాలుక చివరి మాట అక్కడే ఉండిపోయింది.

"ఏంటొదినా, అలా చూస్తున్నావ్? కుట్టలేవా?"

"ఆయన కళ్ళు నాకెక్కడివమ్మా? సరే, చెయ్యెత్తు. ఎంతున్నాడిప్పుడు?"

ఆమె మునివేళ్ళ మీద నిలబడి చెయ్యెత్తింది. "వాళ్ళ నాన్న పోలికొస్తే ఇంత ఉంటాడు. లావు మాత్రం చెప్పలేను వదినా, ఎవరు పెడుతున్నారో ఏమో!" అంటూ తనే నవ్వేసింది.

భార్య కూడా నవ్వింది. ఆ చేతి కింది ఖాళీలోకి రెండు కళ్ళతోనూ చూసింది. తర్వాత గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసింది. గీత పక్కన రెండు వేళ్ళు ఆనించి, ఒక్క క్షణం ఆగి, మూడో వేలు కూడా చేర్చింది.