ఈశాన్య మూల అల్లం

బిళిగల్లు గుట్ట మీది వ్యవసాయ కాలేజీలో చదువుకుని పోయినవాళ్ళు మళ్ళీ ఆ వైపు వస్తే రెండు పనుల మీదే వస్తారు. సర్టిఫికెట్ పోగొట్టుకున్నవాడు నకలు కోసం వస్తాడు, పురుగుమందుల కంపెనీలో చేరినవాడు మందులు అంటగట్టడానికి వస్తాడు. సించన దావణగెరెలో అలాంటి కంపెనీ ఉద్యోగమే మానేసి వచ్చింది. ఆమె అడిగింది హాస్టల్ వెనక వాలులో బీడుపడి ఉన్న నేల, అదీ ఒక్క పంటకాలానికి.

డీన్ హలగేరి సార్ ఆమెను ఎగాదిగా చూసి, పెళ్ళయి ఏడాదైనా కాలేదే, మీ ఆయనతో ఏమైనా గొడవపడ్డావా అని అడిగారు. ఆయన్ని అనాల్సిందేమీ లేదు. చదివిన కాలేజీకి ఏదో చేస్తామంటూ వచ్చినవాళ్ళు తమ పేరు చెక్కించిన సిమెంటు బల్ల ఒకటి వేయించి, దాని మీదే కూర్చుని ఫొటో దిగి పోవడం తప్ప ఆయన ఇంకోటి చూడలేదు. అయినా నేల ఇచ్చారు.

సించన మనసులో ఉన్నది వేరు. ఆ గుట్ట చుట్టూ ఉన్న ఊళ్ళన్నీ అల్లం వేసుకుని బతికిన ఊళ్ళు. వడలు తెగులు వచ్చి ఒక్కో పొలాన్నీ తినేసింది. పొద్దున పచ్చగా కళకళలాడిన మొక్క సాయంత్రానికి వేన్నీళ్ళు పోసినట్టు వాలిపోతుంది, తవ్వి చూస్తే దుంప కుళ్ళి కంపు కొడుతుంది. ఒకసారి నేలలో చేరిందంటే ఏళ్ళ తరబడి పోదు. కాలేజీ పిల్లలంతా ఆ ఊళ్ళవాళ్ళే కాబట్టి పొలం పోయినప్పుడల్లా హాస్టల్లో ఒక మంచం ఖాళీ అయ్యేది. సించనతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి రెండో ఏట చదువు మానేసి పోకతోటల్లో కాయలు వలిచే పనికి పోయింది. పుస్తకాలు మూట కట్టుకుంటూ ఆ అమ్మాయి ఏడవలేదు, సించనే ఏడ్చింది. అప్పుడే అనుకుంది, చదువైపోయాక ఈ పిల్లల ఇళ్ళకు తెగులు లేని విత్తనపు అల్లం తానే పండించి ఊరికే ఇవ్వాలని.

వాలు నేలలో అంతకుముందు నీలగిరి చెట్లు ఉండేవి, అల్లం మొహం చూసిన నేల కాదు. ఆ గుట్టమీద చెడకుండా మిగిలింది అదొక్కటే. సించన హాస్టల్ పిల్లలను కూర్చోబెట్టి, మీ ఇళ్ళలో చెప్పండి, ఉన్న నేలలో బాగున్న ముక్క ఒకటి చూసుకుని అందులో అల్లం వేయకుండా అట్టే పెట్టమనండి, వచ్చే ఏటికి విత్తనం నేనిస్తాను అని చెప్పింది. ఎవరి మాటా వినని ఆ తండ్రులు ఈ మాట విన్నారు. ఉన్న కాస్తలోనే ఒక చెక్క ఖాళీగా వదిలి ఆమె కోసం ఎదురుచూశారు.

విత్తనం ఎక్కడో దూరం నుంచి తెప్పించుకుంది. ప్రతి బస్తాలోంచీ కొమ్ములు తీసి పరీక్ష చేసింది, మందునీళ్ళలో నానబెట్టి నీడన ఆరబెట్టింది. వాలుకు కంచె కట్టి, వాకిట్లో సున్నపు నీళ్ళ తొట్టి పెట్టింది. చెప్పులు బయట వదలాలి, కాళ్ళు ముంచి లోపలికి రావాలి, ఇంకోచోట మట్టి తాకిన పారగానీ గంపగానీ తేకూడదు. కాలేజీ పొలం మేస్త్రీ హూవప్పకు ఇదంతా నవ్వులాటగా ఉండేది. మా ఊరి పూజారి కూడా ఇంత మడి కట్టడు అమ్మణ్ణీ, పెళ్ళికొడుక్కి కూడా ఇన్నిసార్లు కాళ్ళు కడగరు అనేవాడు. అంటూనే కడుక్కునేవాడు.

ఇంత జాగ్రత్తపడ్డ మనిషి ఒక్క దగ్గర ఓడిపోయింది. అది గుత్యమ్మ దగ్గర.

గుత్యమ్మ హాస్టల్ మెస్సులో వంటమనిషి. సించనకు తల్లి లేదు. తండ్రి మళ్ళీ పెళ్ళి చేసుకున్నాక సెలవులకు పోవడానికి ఇల్లూ లేకపోయింది. సెలవులన్నీ గుత్యమ్మ క్వార్టర్లోనే గడిచేవి. ఆమె పెట్టిన బియ్యపు రొట్టె, ఆమె అంటిన తలనూనె, ఆమె తిట్టిన తిట్లు, వీటితోనే సించన పెద్దదైంది. కొడుకులిద్దరూ హుబ్బళ్ళిలో లారీలు తోలుకుంటుంటే గుత్యమ్మకు కూడా ఇంటికి వచ్చే పిల్లంటూ ఉన్నది సించనే.

ఆ ప్రాంతంలో పుట్టింటికి వచ్చిన పెళ్ళైన పిల్లకు ఒడి నింపకుండా ఏ పనీ మొదలుపెట్టనివ్వరు. ఒడిలో బియ్యం, కొబ్బరికాయ, తమలపాకులు పోసి, పైన పెరట్లో తవ్విన మొలకల అల్లం కొమ్ము పెడతారు. బియ్యం వండుకోవచ్చు, కొబ్బరి పచ్చడి చేసుకోవచ్చు. అల్లాన్ని మాత్రం కోయకూడదు, పారేయకూడదు, ఆ పిల్ల కొత్తగా ఎక్కడ కాలు పెట్టిందో అక్కడి నేలలో పాతాలి. అది మొలిస్తే పుట్టింటి పేగు పచ్చగా ఉన్నట్టు. భరణి కార్తెలో అల్లం నాటడానికి ముందు మెస్సు ఆడవాళ్ళంతా కొత్త రవికెలు తొడుక్కుని వాలు దగ్గరికి వచ్చారు. సున్నపు నీళ్ళలో కాళ్ళు ముంచి మరీ లోపలికి వచ్చి సించనను తూర్పుముఖంగా కూర్చోబెట్టారు. ఆమె కొంగు పట్టింది.

గుత్యమ్మ తన పెరటి కొమ్ము ఒడిలో పెట్టగానే సించనకు ఒక సంగతి గుర్తొచ్చింది. పోయిన ఏడు ఆశ్లేష వానలకు గుత్యమ్మ పెరట్లో సగం అల్లం వాడిపోయింది. దానికి ఎదురింటావిడ దిష్టి కారణమని గుత్యమ్మ వారం రోజులు వీధి వినేలా తిట్టిపోసింది. ఆ సంగతి సించనకు ఫోన్లో చెప్పింది కూడా గుత్యమ్మే. కోసి పరీక్ష చేద్దామంటే ఒడి అల్లాన్ని కోయకూడదు. ఇంటికి తీసుకుపోయి కుండీలో పెట్టుకుంటానని సించన నసిగింది. గుత్యమ్మ మొహం మాడిపోయింది.

"కుండీలో పెట్టుకోవడానికి ఇదేమన్నా పూలమొక్కా? నీ చేలో పెట్టు తల్లీ, ఈశాన్య మూల పెట్టు. నేను చూస్తుండగా పెట్టు."

ఈశాన్య మూల అంటే ఆ వాలులో అన్నిటికంటే ఎత్తు. అక్కడ పడ్డ వాననీరు ప్రతి మడినీ తడుపుకుంటూ కిందికి దిగుతుంది. సించనకు ఇది తెలియదా? నాలుగేళ్ళు చదివింది దాన్నే. నోరు తెరిచింది. చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు చూసింది, మూసుకుంది. ఒక్క కొమ్మే కదా, రేపో మాపో ఎవరూ చూడకుండా తీసేయొచ్చనుకుని తన చేత్తోనే పాతిపెట్టింది.

తీయలేకపోయింది. చేనంతటిలో మొదట మొలిచింది ఆ కొమ్మే. పొద్దున వంటకు ముందు, సాయంత్రం గిన్నెలు కడిగాక గుత్యమ్మ కంచె దగ్గరికి వచ్చి దాన్ని చూసుకుని పోయేది. నీ మొక్కే అన్నిటికంటే పొడుగు పిల్లా అని సించనతో చెప్పి మురిసిపోయేది. ఇక దాన్ని పీకడం సించన వల్ల కాలేదు.

ఆశ్లేష కార్తెలో ఆకాశం చిల్లుపడ్డట్టు వాన పట్టుకుంది. వాన తెరిపిచ్చిన ఒక పొద్దున ఈశాన్య మూల మొక్క తల వాల్చి ఉంది. సించన దాని కాండం కోసి, కాలేజీ ల్యాబులో గాజుగ్లాసు నీళ్ళలో నిలబెట్టింది. కోసినచోటి నుంచి పాలలాంటి సన్నటి దారం నీళ్ళలోకి దిగింది. వడలు తెగులుకు అదే గుర్తు. చదువుకునేటప్పుడు ఈ పరీక్షకే ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇప్పుడు ఆ గ్లాసు ముందు కూర్చుని, దారం దిగడం ఆగిపోతే బాగుండునని చిన్నపిల్లలా దేవుణ్ణి వేడుకుంది. దారం దిగుతూనే ఉంది.

మఖ వెళ్ళేసరికి పై మడులు పోయాయి, పుబ్బ వెళ్ళేసరికి సగం చేను పోయింది. కాలవ తవ్వి నీరు మళ్ళించింది, సున్నం చల్లింది, వానలో తడుస్తూ మడిమడికీ తిరిగింది. ఇక మిగిలేది ఏమీ లేదని తెలిశాక కూడా తిరిగింది. పోయింది ఒక్క పంటే అయితే ఏడ్చి ఊరుకునేది. గుట్టమీద మిగిలిన ఒక్క మంచి నేలనూ తన చేతులతోనే పాడుచేసింది. ఇవ్వడానికని వచ్చి, ఉన్నది కాస్తా ఊడ్చేసింది. ఆమెకు అన్నం సయించలేదు.

హలగేరి సార్ గొడుగేసుకుని వచ్చి చూశారు. తిట్టలేదు, తిట్టినా బాగుండేది. ఇంత కట్టుదిట్టం చేశావు కదమ్మా, ఎక్కడి నుంచి వచ్చింది ఇది అని అడిగారు. పక్కనే మెస్సు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. గుత్యమ్మ నెత్తిన చేతులు పెట్టుకుని ఆ మూలకేసే చూస్తోంది.

"కొన్న విత్తనంలోనే ఉన్నట్టుంది సార్. నేనే సరిగ్గా చూసుకోలేదు" అంది సించన.

ఆ కంపెనీవాళ్ళు ఉద్యోగం మళ్ళీ ఇస్తారేమో అడిగి చూడమని ఆయన మెల్లగా చెప్పి పోయారు. విత్తనం అమ్మినవాణ్ణి గుత్యమ్మ ఏడు తరాలు కలిపి తిట్టింది. మొక్క మిగలకుండా పీకి, గుంటలో వేసి సున్నం పోసి పూడ్చమని సించన హూవప్పకు చెప్పింది. ఆ సాయంత్రమే ఆమెకు ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. మొగుడు వచ్చి దావణగెరె తీసుకుపోయాడు.

లేచి తిరగడానికి ఓపిక వచ్చి ఆమె మళ్ళీ గుట్ట ఎక్కేసరికి కాలేజీకి దసరా సెలవులు ఇచ్చేశారు. హాస్టల్ ఖాళీగా ఉంది. వాలు బోడిగా ఉంది. పూడ్చేశారన్నమాట అనుకుని నిట్టూర్చి గుత్యమ్మ క్వార్టర్‌కి నడిచింది. పెరటి దడి దాటగానే కాళ్ళు ఆగిపోయాయి. ఎత్తుగా కట్టిన మడుల మీద, ఎండుటాకులు కప్పి, పచ్చటి అల్లం దుబ్బులు వరసగా నిలబడి ఉన్నాయి. పక్క పెరట్లోనూ ఉన్నాయి. దాని పక్క పెరట్లోనూ.

గుత్యమ్మ ఎదురొచ్చి ఆమె చెంపలు నిమిరింది.

"పచ్చగా ఉన్నవాటిని గుంటలో వేయడానికి చేతులెట్లా వస్తాయే? వాడినవే పూడ్పించాం. హూవప్ప వద్దన్నాడు, నేనే ఊరుకోలేదు. వాడెవడో దొంగ విత్తనమిస్తే నీ కష్టమంతా మట్టిపాలు కావాలా? పిల్లలు కూడా సెలవులకు పోతూ తలా రెండు దుబ్బులు మట్టితో సహా మూటకట్టుకుపోయారు. అక్క ఇస్తానన్న విత్తనం ఇదే కదా, అట్టిపెట్టిన నేలలో వేసుకుంటాం అన్నారు. ఒక్కళ్ళు కూడా ఉత్త చేతులతో పోలేదు తల్లీ."

సించన దడి దగ్గరే కూర్చుండిపోయింది. ఏ ఊరికి ముందు పోవాలి, ఎవరి పొలం ముందు తవ్వించాలి? పోయినా ఏమని చెబుతుంది? కొన్న విత్తనం చెడ్డది అని చెబితే, పచ్చగా ఉంది కదా అంటారు, గుత్యమ్మ అన్నట్టే. అబద్ధం ఇక పనికిరాదు. తెగులు మట్టిలోనే ఉంటుందని చెప్పాలి, ఆ మట్టిలోకి అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చెప్పాలి. చెప్పింది. ఒడిలో పోసిన కొమ్ము సంగతి, గ్లాసులో దిగిన దారం సంగతి, సార్ ముందు ఆడిన అబద్ధం సంగతి, తల ఎత్తకుండా అంతా చెప్పింది.

గుత్యమ్మ మొహంలో ఏడుపు లేదు, కోపమూ లేదు.

"ఆ రోజే తెలుసా నీకు?"

"అనుమానం ఉండింది అమ్మా."

"మరి ఒక్క మాట చెప్పొద్దా? పిచ్చిది, దీనికి చెప్పినా అర్థం కాదనుకున్నావు."

అట్లా కాదు అమ్మా, నీ మనసు నొప్పించలేక అని సించన చెప్పబోయింది. అది వినడానికి గుత్యమ్మ నిలబడలేదు. మడుల దగ్గరికి పోయి, తాను నాటిన దుబ్బులను తానే ఒక్కొక్కటీ పెరికి గోనెసంచిలో వేసుకుంది. సాయం చేయబోయిన సించన చేతిని మోచేత్తో పక్కకు నెట్టింది.

ఆ వారమంతా సించన హూవప్పను వెంటబెట్టుకుని బస్సులు పట్టుకుని ఊరూరా తిరిగింది. ఎవరూ ఆమెను పల్లెత్తు మాట అనలేదు. చాలా చోట్ల అప్పటికే నాటి నీళ్ళు కూడా పెట్టేశారు. పెరికించినచోట సున్నం చల్లి వచ్చింది, ఇక అక్కడ ఏళ్ళ తరబడి అల్లం వేయొద్దని చెప్పి వచ్చింది. మంచి విత్తనం వస్తుందని ఆ చెక్కలు ఖాళీగా ఉంచుకున్న తండ్రులు తలూపి, కాఫీ ఇచ్చి పంపారు.

చివరి రోజు తిరిగి వచ్చేసరికి వానకు తడిసి ముద్దయింది. మెస్సులో దీపం వెలుగుతోంది. తల తుడుచుకుంటూ లోపలికి వచ్చి, ఎప్పటిలా పొయ్యి పక్కన కింద కూర్చోబోయింది. గుత్యమ్మ స్టాఫు కూర్చునే బల్ల మీద పళ్ళెం పెట్టి, నీళ్ళ గ్లాసు పెట్టి, కొంగు నడుముకు దోపుకుని నిలబడింది.

"కూర్చోండి మేడమ్," అంది. "అన్నం వడ్డించమంటారా?"