ఉషక్క పెట్టిన ముద్ద

మా ఉషక్కని పొగిడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. శాలువా కప్పారు, పక్కన నిలబడి ఫొటోలు దిగారు, విదేశీ అనాథలకు సిక్కోలు ఆడపడుచు సేవ అని పేపర్లో వేయించారు. ఆ తర్వాత ఏం జరిగిందని అడిగిన మనిషి లేడు. అందుకే నేను చెబుతున్నాను. అక్కని దేవతని చేయడానికి కాదు, తప్పుపట్టడానికీ కాదు. జరిగింది జరిగినట్టు తెలియాలి, అంతే.

ఉషక్క మా పెద్దమ్మ లక్ష్మణమ్మ కూతురు. మాది శ్రీకూర్మానికి దిగువన, సముద్రపు ఒడ్డున ఉన్న పేట. పెదనాన్న వేటకి వెళ్ళేవాడు, పెద్దమ్మ చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగేది. ఆ గంప మోసి చదివించిన చదువే అక్క ఫిజియోథెరపీ. శ్రీకాకుళంలో ఒక చిన్న సంస్థ నడిపే కేంద్రంలో పని. మెడ నిలవని పిల్లలు, కాళ్ళు బిగుసుకుపోయిన పిల్లలు తల్లుల చంకల్లో వస్తారు. వాళ్ళ చేత వ్యాయామాలు చేయిస్తుంది, ఎలా కూర్చోబెట్టాలో, ఎలా తినిపించాలో తల్లులకి నేర్పుతుంది. నేను అదే ఊళ్ళో బడి పంతులమ్మని. ఆదివారాలు ఇద్దరం పేటకి వెళ్ళి పెద్దమ్మ వండింది తిని వస్తాం.

మా ఇళ్ళలో ఒక అలవాటు ఉంది. పిల్లలకి చెంచాతో తినిపించరు. రోజూ చేపల కూరే కదా, అన్నంలో ముల్లు ఉందో లేదో తెలిసేది వేళ్ళకే. మెత్తగా మెదిపి, వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాకే ముద్ద పిల్ల నోటికి అందుతుంది. కొత్త కోడలెవరైనా చెంచా తీసిందంటే పెద్దమ్మ ఊరుకోదు.

"సెంచాకి కళ్ళున్నాయేటే? గొంతుకలో ముల్లు దిగితే నీ సెంచా తీస్తాదా?"

బడికి వెళ్ళే వయసు వచ్చినా మా పిల్లలు తల్లి చేతి ముద్దకే నోరు తెరుస్తారు. అక్క అలాగే పెరిగింది, నేనూ అలాగే పెరిగాను. ఇందులో తప్పేమీ లేదు. తల్లి రేపు కూడా ఉంటుంది కాబట్టి తప్పు లేదు.

కిర్గిజ్‌స్తాన్ అంటే మా వైపు వాళ్ళకి తెలియని దేశం కాదు. ఇక్కడ మెడికల్ సీటు రాని పిల్లలు అక్కడికి వెళ్ళి చదువుకుంటారు. అక్క స్నేహితురాలు అరుణశ్రీది కొత్తవలస. అలాగే వెళ్ళి, చదువయ్యాక అక్కడే ఉద్యోగంలో ఉండిపోయింది. తను అప్పుడప్పుడు చూడ్డానికి వెళ్ళే ఒక వికలాంగ పిల్లల అనాథాశ్రమంలో థెరపిస్టు అన్న మనిషే లేదని, మూడు నెలలు వచ్చి ఉంటావా అని అక్కని అడిగింది. అక్క కేంద్రంలో జీతం లేని సెలవు పెట్టి బయలుదేరింది.

అలాంటి పిల్లలు ఇక్కడ లేరా అని పెద్దమ్మ గొడవ పెట్టింది. "మన ఊర్లో నేరేటే అలాటి గుంటలు? అంత దూరం ఎల్లాలేటి?"

"ఉన్నారమ్మా. ఈల్లకి తల్లులున్నారు. ఆ గుంటలకి ఎవులూ నేరు" అంది అక్క.

అక్కడ చూసింది అక్క నాకు ఫోనులో కొంచెం కొంచెంగా చెప్పింది. పొడవాటి గది, వరసగా ఇనప మంచాలు, వాటిలో వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తున్న పిల్లలు. అంతమంది ఉన్నా గదిలో చప్పుడు లేదట. ఏడిస్తే ఎవరో వస్తారని తెలిసిన పిల్లలే ఏడుస్తారు, తెలియని పిల్లలు మానేస్తారు అంది. ఆ గదికంతా గుల్నారా అనే ఒక్క ఆయా. పడుకున్న పిల్లల్ని పడుకున్నట్టే ఉంచి, పల్చటి జావ చెంచాతో గబగబా పోసుకుంటూ పక్క మంచానికి వెళ్ళిపోయేది. పొలమారిన పిల్లలు దగ్గుతూ ఉండేవాళ్ళు. ఆ జావ ఊపిరితిత్తుల్లోకి దిగి జ్వరాలు. అక్క వెళ్ళిన కొత్తలోనే ఒక బాబు పోయాడు. సాయంత్రానికి మంచం మీద దుప్పటి మార్చారు, మర్నాటికి ఇంకో బిడ్డని పడుకోబెట్టారు. గుల్నారాని తిట్టడానికి నాకూ నోరు రాదు. ఆమెకి ఉన్నవి రెండే చేతులు.

ఆ గదిలో ఐపెరి అనే పిల్ల. ఏడేళ్ళది, మూడేళ్ళ పిల్లంత ఉండేది. పుట్టుకతో వచ్చిన సెరిబ్రల్ పాల్సీ. చెంచా పళ్ళకి తగిలిందంటే చాలు, దవడలు టక్కున బిగుసుకుపోయేవి. ఆ పిల్ల కావాలని చేసేది కాదు, నరాల జబ్బు. చెంచా లాగితే చిగుళ్ళు చీరి రక్తం వచ్చేది. ఎక్కువ జావ మెడ మీదికే కారిపోయేది. ఈ చలికాలం దాటదని అందరూ ఒక మాట అనేసుకున్నారు.

అక్క రబ్బరు చెంచాతో ప్రయత్నించింది, కుదరలేదు. ఒకరోజు తన గదిలో అన్నం, పప్పు పేస్టులా ఉడకబెట్టి తెచ్చింది. పిల్లని ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకుని, గడ్డం కింద ఒక వేలు ఆనించి, చిన్న ముద్ద బుగ్గ లోపలివైపు పెట్టింది. దవడ బిగియలేదు. పిల్ల మింగింది. మళ్ళీ నోరు తెరిచింది.

ఆ రోజు ఫోనులో అక్క గొంతు నాకింకా గుర్తే. "తినీసిందే! మాయమ్మ ఎట్టినట్టే ఎట్టినాను, తినీసింది!"

పక్కన ఉన్న పెద్దమ్మ గర్వంగా, "మరేటనుకున్నావు? సెయ్యంటే అదీ" అంది. నేనూ సంబరపడ్డాను.

ఆ రోజు నుంచి ఐపెరి మూడు పూటలూ అక్క చేతి మీదే తింది. బుగ్గలు వచ్చాయి. తలుపు దగ్గర అక్క కనబడితే "ఆ" అని నోరు తెరిచేది. గదిలో చప్పుడు చేసిన మొదటి పిల్ల అదేనట. ఆయాలు పిల్లల నోట్లో ఉత్త చేయి పెట్టకూడదని అక్కడి నియమం. అతిథి కాబట్టి అక్కని చూసీచూడనట్టు వదిలేశారు. గుల్నారా గ్లవుజు తొడుక్కుని ఒకసారి పెట్టబోతే పిల్ల ఉమ్మేసింది.

"నువ్వెళ్ళిపోయాక ఎలాగే?" అని అరుణశ్రీ అడిగింది.

"గుల్నారాకి నేర్పుతాను" అంది అక్క.

నేర్పే తీరిక దొరకలేదు. అక్క ఐపెరికి ఒక పూట తినిపించేసరికి గుల్నారా గదంతా చుట్టేసేది. బయట నుంచి వచ్చిన థెరపిస్టు తను చేయకూడదు, అక్కడ ఉండేవాళ్ళ చేతే చేయించాలి అన్నది అక్క చదువులో మొదటి పాఠం. మా ఊళ్ళో తల్లులకి రోజూ చెప్పేదీ తనే. ఆకలిగా నోరు తెరిచిన పిల్ల ఎదురుగా ఉంటే ఆ పాఠం ఎవరికి గుర్తుంటుందని నేనంటాను. అక్క ఆ మాట ఒప్పుకోదు.

గడువు అయిపోయి అక్క తిరిగొచ్చింది. వచ్చిన వారానికే శాలువా సభ. వేదిక మీద ఎవరో సేవ గురించి ఊదరగొడుతుంటే అక్క తలొంచుకుని ఫోను చూసుకుంటోంది. అరుణశ్రీ పంపిన కబురు. ఐపెరి తినడం లేదు.

ఆ రోజు నుంచి వీడియో కాల్స్. అక్కడ భోజనం వేళకి ఇక్కడ అక్క కేంద్రంలో ఓ మూల ఫోను పట్టుకుని కూర్చునేది. "ఐపెరీ, ఆ... అను తల్లీ" అనేది. పిల్ల ఆ గొంతు విని నోరు తెరిచేది. గుల్నారా చెంచా పెట్టేది. దవడ టక్కున బిగుసుకునేది. పిల్ల కళ్ళు ఫోను వెనకాల, తలుపు వైపు వెతికేవి. నేనొకసారి పక్కన కూర్చుని చూశాను, చూడలేక లేచొచ్చేశాను. కొన్నాళ్ళకి ఫోను చూపించినా తల తిప్పడం మానేసింది. ముక్కులోంచి గొట్టం వేశారు. ఆ తర్వాత న్యుమోనియా.

ఆ ఆదివారం పెద్దమ్మ అక్కకి అన్నం వడ్డించింది. గరిటె దించకుండానే అనేసింది.

"ఆ గుంటకి రుసి సూపించి వచ్చీసినావు. సూపించకపోతే అదో పద్ధతి. ఎల్లు. మల్లీ ఎల్లు."

కేంద్రం వాళ్ళు రెండోసారి సెలవివ్వలేదు. అక్క ఉద్యోగం మానేసి వెళ్ళింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు.

అక్కడ జరిగింది నాకు అరుణశ్రీ చెప్పింది. ఐపెరి మళ్ళీ ఎముకల గూడు అయిపోయింది. అక్క చేతులు కడుక్కుని, అన్నం మెదిపి, పిల్లని ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల అక్క ముఖంలోకి చూసింది. గుర్తుపట్టింది, అందులో అనుమానం లేదట. అక్క ముద్ద పెదాల దగ్గరికి తెచ్చింది. పిల్ల పెదాలు మూసేసుకుని ముఖం గోడవైపు తిప్పేసుకుంది. దవడ బిగియలేదు, నరాలు లాగలేదు. ఈసారి జబ్బు చేసిన పని కాదు. ఆ పిల్ల ఒళ్ళంతటిలో తన ఇష్టప్రకారం కదపగలిగినవి తల, కళ్ళు, పెదాలే. ఆ పెదాలని అక్క మీద మూసేసింది.

అక్క పట్టు వదల్లేదు. పూటపూటకీ కూర్చుంది. పాడింది, బతిమాలింది, ఏడ్చింది. పిల్ల గోడనే చూసింది.

ఆఖరికి గుల్నారాయే దారి చూసుకుంది. అక్క బయటికి వెళ్ళినప్పుడు రబ్బరు చెంచా పట్టుకుని, అక్క పట్టినట్టే గడ్డం కింద వేలు ఆనించి, పక్క నుంచి కొంచెం జావ అందించింది. దవడ బిగుసుకుంది, వదులైంది, పిల్ల కాస్త మింగింది. ఇంకోసారి మింగింది. అప్పుడే తలుపు తీసుకుని అక్క వచ్చింది. పెదాలు మూతపడ్డాయి.

మర్నాడూ అంతే. అక్క గదిలో లేకపోతే పిల్ల కొంచెం తింటుంది. అక్క నీడ కనబడితే ఆగిపోతుంది.

అప్పటి నుంచి అక్క వసారాలో, గోడకి ఆనుకుని నిలబడింది. లోపల గిన్నె చప్పుడు వినేది, దగ్గు వినేది. గుల్నారా తొందరపడితే బయటికొచ్చాక మెల్లగా చెప్పేది. మిగతా మంచాల దగ్గర పని తను ముందే ముగించి ఐపెరి కోసం గుల్నారాకి తీరిక చేసిపెట్టేది, అది కూడా ఐపెరి నిద్రపోయినప్పుడే. ఉన్నన్నాళ్ళూ మళ్ళీ ఆ పిల్లని ముట్టుకోలేదు. గొట్టం తీసేశాక, ముఖం చూపించకుండానే తిరుగు ప్రయాణమైంది.

మొన్న పేటలో ముగ్గురం కూర్చున్నాం. పెద్దమ్మే అడిగింది.

"తింతన్నాదేటే ఆ గుంట?"

"తింతన్నాదమ్మా. కొంచెం కొంచెం. గుల్నారా ఎడతన్నాది."

"మరి ఉజ్జోగం ఒగ్గేసి ఎల్లినావు కదా, నువ్వేటి సేసినావు?"

అక్క చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది.

"గది బయట నిల్సున్నానమ్మా. నన్ను సూస్తే ఆ గుంటకి ఆకలి సచ్చిపోతాది."