పాడుబావిలో చేపల పులుసు

మొన్న కావలి ట్రంకు రోడ్డులో బస్సు కోసం నిలబడి ఉంటే, ఎదురు గోడ మీద ఒకాయన కొత్త టీవీ సీరియల్ పోస్టరు అంటిస్తున్నాడు. బక్కెట్లో చీపురు ముంచి గోడకి పులమగానే ఉడికిన మైదా వాసన, అందులో కలిపిన మైలుతుత్తం ఘాటు, రోడ్డు దాటి వచ్చి నా ముక్కుకి తగిలింది. పోస్టరు మీద కిరీటం పెట్టుకున్న ఒకామె, ఆమె వెనక నిప్పులు కక్కే రెక్కల జంతువు. పక్కనే ఉన్న కాలేజీ పిల్లలిద్దరు దాన్ని చూసి పకపకా నవ్వినారు. "ఇయ్యన్నీ ఎవురు చూస్తార్రా సామీ" అన్నాడు ఒకడు. నేను చూస్తాను, రోజూ చూస్తాను అని వాడి మొహం మీదే అనబోయినాను గానీ ఇంతలో బస్సు వచ్చేసింది.

అక్కడ అనలేకపోయినాను కాబట్టి ఇక్కడ అంటున్నాను. నాకు మంత్రాల కథలంటే ప్రాణం. పుస్తకంలో వచ్చినా సరే, టీవీలో వచ్చినా సరే, మా పాప ఫోన్లో చూపించే పరదేశపు డ్రామాల్లో మంచుకొండల మీద రాజులు పుస్తకాల తెలుగులో తిట్టుకుంటున్నా సరే, నోరు తెరుచుకుని చూస్తాను. పాతికేళ్లుగా కాలేజీ లైబ్రరీలో పనిచేస్తూ ఈ మాట అనడానికి నాకేం సిగ్గు లేదు. ఉరుము ఉరిమి అత్తగారి మొహాన్ని మూడుసార్లు చూపిస్తారని వెక్కిరిస్తారే, ఊరు ఊరంతా పొయ్యి మీద గిన్నె దించి ఒకే క్షణాన ఒకే మనిషి కోసం గుండె పట్టుకునేట్టు చెయ్యడం ఏమన్నా ఆషామాషీ సంగతా? చేసి చూడమనండి ఆ వెక్కిరించేవాళ్లని. నేను ఒకసారి చేసి చూసినాను, అందుకే ఆ కథలల్లేవాళ్లంటే నాకు మర్యాద.

మా నాయన మస్తాన్ కావలిలో పుస్తకాల బైండరు. స్టేషనుకి పోయే సందులో, పడక మంచం పట్టేంత అంగడి. మేము సాయిబులమే గానీ ఇంట్లో మాట్లాడేది తెలుగే. నమాజు అరబ్బీలో, తగాదాలు తెలుగులో. నాయనకి సంతకమూ అంకెలూ తప్ప చదువు రాదు. ఆ రోజుల్లో వారపత్రిక రాని ఇల్లు ఉండేది కాదు, అందులో సీరియల్ నవల వచ్చిన కాగితాలు చించి, వారం వారం దాచి, నవల అయిపోయినాక పురికొసతో కట్టగట్టి మా అంగడికి తెచ్చేవాళ్లు. వచ్చిన చిక్కల్లా ఏమిటంటే ఆ కాగితాల మీద ఉండేవి పత్రిక పేజీ అంకెలు, ప్రతి వారమూ మళ్లీ మొదటికొస్తాయి; ఎన్నో వారమో వేసిన చోటు సగం కట్టల్లో చిరిగిపోయి ఉంటుంది. అందుకని ప్రతి భాగం పైన గళ్లలో వేసే 'జరిగిన కథ' చదివి వరస పెట్టే మనిషి ఒకరు కావాలి. ఐదో తరగతి నుంచి ఆ మనిషిని నేనే. ఊరంతా డబ్బు పెట్టి కొన్న కథలన్నీ నేను ఊరికే చదివినాను.

వేసవి మా పనికాలం. కార్తీకం వానల్లో తుమ్మలపెంట వైపు నుంచి కొట్టే ఉప్పుగాలికి కాగితం మెత్తబడిపోయేది, అంటించిన అట్ట వారమైనా ఆరేది కాదు, జిగురుకి బూజు పట్టేది. అందుకని ఆ నెలల్లో నాయన ఆఫీసు రిజిస్టర్లతో సరిపెట్టుకుని, నవలలన్నీ ఎండలకి దాచేవాడు. మార్చి వచ్చేసరికి కట్టలు నా ఎత్తున పేరుకునేవి. వాటి మధ్య కూలబడి, ఒక చేతిలో ఉప్పూ కారం అద్దిన మామిడి పిందె, ఇంకో చేతిలో ఒంటికన్ను మాంత్రికుడు, మధ్యాహ్నం అమ్మ పంపే సద్దిలో నెత్తళ్ల చేపల వేపుడు, ఉపవాసాల నెల ఎండల్లో పడిన ఏడు సాయంత్రం మసీదు నుంచి చెంబులో తెచ్చుకునే వేడి వేడి గంజి, బయట మద్రాసు బండి కూత, లోపల నాయన దబ్బనం కాగితంలో దిగేటప్పుడు వచ్చే చిన్న చప్పుడు. ఇంతకన్నా సుఖం ఏ రాజకుమార్తె పడిందో నాకు చూపించండి.

మా దగ్గరికొచ్చేవాళ్లలో నాయన ఎక్కువ మర్యాద ఇచ్చేది సుగుణమ్మ టీచర్‌కి. ఆమెది బిట్రగుంట రైల్వే కాలనీ, కిరస్తానీ కుటుంబం. క్రిస్మస్‌కి డబ్బా నిండా గులాబీ పువ్వుల పిండివంట తెచ్చిచ్చేది, పండక్కి మా అమ్మ సేమ్యా పంపేది. ఆమెకొక విచిత్రమైన నియమం. సీరియల్ ఏ వారానికావారం చదవదు. "వారం దాకా ఓర్చుకోవడం నా వల్ల గాదు మస్తానయ్యా" అని ఒక్క అక్షరం చూడకుండా కాగితాలు చించి దాచి, బైండు చేయించి, ఎండాకాలం సెలవుల్లో నవల మొత్తం ఏకబిగిన చదివేది. నేను ఆరో తరగతి అయిన వేసవిలో ఆమె తెచ్చిన కట్ట ఒక పెద్ద మంత్రాల నవల, రెండేళ్ల కాగితాలు.

జిగురు ఉడికించడమూ నా పనే. సన్నమంట మీద మైదా పెట్టి గరిటె ఆపకుండా తిప్పాలి, ఆపితే అడుగంటుతుంది. ఆ రోజు శుక్రవారం, నాయన నమాజుకి పోయినాడు. నేను ఒక చేత్తో గరిటె తిప్పుతూ ఇంకో చేత్తో టీచర్ గారి నలభై రెండో వారం పట్టుకున్నాను. అన్న ప్రాణం కాపాడే మూలిక కోసం బయల్దేరిన చెల్లెలు పాడుబావి అంచున నిలబడింది. పేజీ తిప్పుదామని వేళ్లు సడలించినానో లేదో, రెండు కాగితాలూ జారి జిగురులో పడినాయి. గరిటెతో తీద్దామంటే ముద్దముద్దగా వచ్చినాయి. ఏడుస్తూ గిన్నె తీసకపోయి కాలవలో వంచేసినాను.

నాయనకి చెప్పి ఉండాల్సింది. కానీ ఆయన గొప్పగా చెప్పుకునే మాట ఒకే ఒకటి: మస్తాన్ అంగట్లో కాగితం పోదు. అది నా చేత్తో పోయిందని చెప్పడానికి నోరు రాలేదు. రెండు రోజులు పాత పేపర్ల కొట్లన్నీ తిరిగినాను. ముందు వారమూ దొరికింది, తరవాతి వారమూ దొరికింది, ఆ ఒక్క వారమూ ఊళ్లో అందరూ కూడబలుక్కుని శనక్కాయల పొట్లాలు కట్టేసినట్టున్నారు. ఇక మిగిలింది నలభై మూడో వారం పైన వేసిన 'జరిగిన కథ'. చెల్లెలు పాడుబావిలోకి దిగి, అక్కడ నూరేళ్లుగా కాపలా ఉన్న రాక్షసిని మెప్పించి, ప్రాణమూలికతో బయటపడింది, ఇక చదవండి అని ఉంది. ఎట్టా మెప్పించిందో లేదు. అది నేనే రాసినాను, తెల్ల కాగితాలు కొలతకి కత్తిరించి, నాలుగు పేజీలూ, గుండ్రటి అక్షరాలతో.

"ఇదేంది పాపా, చేత్తో రాసుండాది?" అన్నాడు నాయన.

"టీచరమ్మే రాసిచ్చింది నాయనా. ఆ వారం దొరకలేదంట."

తప్పిపోయిన వారాన్ని పక్కింట్లో అడిగి తెచ్చుకుని చేత్తో రాసి పెట్టుకునేవాళ్లు అప్పుడు చాలామంది, అందుకని ఆయన నమ్మినాడు. "పాపం, ఎంత ఓపిగ్గా రాసిందో" అని, అంచులు కోసేటప్పుడు ఒక్క అక్షరానికి కూడా కత్తి తగలకుండా, మామూలు కన్నా జాగ్రత్తగా కోసినాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

బళ్లు తెరిచే ముందు టీచర్ మళ్లీ వచ్చింది, చేతిలో ఆ పుస్తకం. "మస్తానయ్యా, నలభై రెండో వారం ఎవురు రాసింది?" అని నేరుగా అడిగింది.

"మీరే గదమ్మా రాసిచ్చింది."

"నేను అన్నీ అచ్చు కాగితాలే ఇచ్చినాను. ఎంచి కట్టగట్టినాను."

నాయన నా వైపు తిరిగినాడు. నేను ఉన్నదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసినాను. ఆయన కొట్టలేదు, తిట్టలేదు. "పోయిందని చెప్పుంటే టీచరమ్మ కాళ్లు పట్టుకోనుంటిని. దొంగ కాగితం నా చేత్తోనే కుట్టించినావు గదమ్మా" అన్నాడు. "రేపట్నుంచి అంగడికి రావద్దు పాపా" అని కూడా అన్నాడు.

నేను ఎన్ని దెబ్బలైనా తినేదాన్ని. ఆ అంగడి లేకపోతే నాకు కథలు లేవు, నాయన పక్కన చోటూ లేదు. వెక్కి వెక్కి ఏడ్చినాను. నాయన నన్ను చూడకుండా కత్తి తీసుకుని ఆ రెండు కాగితాల కుట్టు కోయబోయినాడు.

"ఆగయ్యా. కోసేముందు దాంట్లో ఏముండాదో వినవా?" అంది టీచర్. నాకెందుకమ్మా కథలు అని నాయన అంటున్నా వినకుండా స్టూలు లాక్కుని కూచుని పైకి చదవడం మొదలుపెట్టింది. అప్పుడు తట్టింది నాకు, ఇన్నేళ్లుగా ఇన్ని నవలలు కుట్టిన మనిషి వాటిలో ఒక్కటీ వినలేదని.

నా రాక్షసికి మనుషుల్ని తినాలని లేదు. నూరేళ్లుగా బావి అడుగున ఒంటరిగా ఉండి, ఎవరైనా ఇంత వండి పెడితే బాగుండునని ఉంది. చెల్లెలు మూడు రాళ్లు పేర్చి, మట్టి చట్టిలో చేపల పులుసు పెట్టింది. టీచర్ అక్కడ ఆగి కళ్లద్దాల మీద నుంచి చూసింది.

"పాడుబావిలో చేపలెక్కడియే?"

"ఎండుచేపలు టీచర్. ఇంటికాణ్ణించి మూటలో తెచ్చుకున్నింది."

"ఆ మాట ముందే రాయొద్దా!"

కత్తి ఇంకా నాయన చేతిలోనే ఉంది. "మామిడికాయ ఏసిందా?" అన్నాడు.

"ఏసింది నాయనా."

రాక్షసి చట్టి నాకేసి, వాళ్లమ్మ గుర్తొచ్చి ఏడ్చి, జడలో దాచిన మూలిక తీసిచ్చింది. టీచర్ పుస్తకం మూసింది. "అన్న బతికినాడా?" అన్నాడు నాయన.

"అది తరవాత వారంలో ఉండాది. నాకు ప్యాసింజరుకి టైమయింది, నీ కూతురి చేత చదివించుకో. పుస్తకం వారం రోజులు ఉంచుకో. ఆ కాగితాలు మాత్రం కొయ్యబాక. అసలుది ఎట్టుండిందో నాకు అక్కర్లేదు" అని ఆమె లేచి వెళ్లిపోయింది. నాయన కత్తి పెట్టెలో పెట్టినాడు. "రేపు పెందలకాడే రా పాపా" అన్నాడు.

ఆ మరుసటి రోజు నుంచి నా పెళ్లయ్యేదాకా, పెళ్లయి అదే ఊళ్లో కాపురం పెట్టినాక కూడా, మధ్యాహ్నం పూట, లైబ్రరీలో చేరినాక భోజనం విరామంలో, ఆయన కుట్టేవాడు, నేను పైకి చదివేదాన్ని. అంత గట్టి శ్రోతని నేను మళ్లీ చూడలేదు. "మాంత్రికుడు అన్నీ చెయ్యగలిగితే ఇంక కథేముండాది, వాడికి ఏం చేతగాదో చెప్పమను" అనేవాడు. పెద్ద పెద్ద విమర్శకులు పుస్తకాలు రాసి చెప్పింది ఆ ఒక్క మాటలో ఉంది. తరవాత ఇంట్లోకి టీవీ వచ్చి, కత్తుల, కిరీటాల సీరియళ్లు మొదలైనప్పుడు ఆయన వెక్కిరించలేదు. సరిగ్గా మాంత్రికుడు చెయ్యెత్తినప్పుడు ఆపేస్తే మేమంతా ఉసూరుమంటుంటే, ఆయన తొడ చరిచి మెచ్చుకునేవాడు. "జిగురు బాగా ఉడికించినారు, రేపటికి అంటుకోనుంటాది" అనేవాడు.

ఇప్పుడా అంగడి చోట జెరాక్సు మిషన్లున్నాయి. పురికొస కట్టలు లేవు, వారం కోసం ఎదురుచూసే మనిషీ లేడు. మా పాప పది భాగాలు కూర్చున్న చోటు కదలకుండా చూసేసి, మరునాటికి రాజు పేరు కూడా మరిచిపోతుంది. సుగుణమ్మ టీచర్ ఉంటే మెచ్చుకునేదేమో గానీ, ఆమె పోయి కూడా చాలా కాలమైంది.

పత్రికలు ఒకటొకటిగా మూతపడినప్పుడు, నాయనకి నేను చదువుతున్న ఆఖరి నవల సగంలో ఆగిపోయింది. ఓడ నడిపే సరంగు కూతురు సముద్రం అడుగున ఒక తలుపు తట్టింది. అంతే, మళ్లీ వారం పత్రికే రాలేదు. అప్పటికి ఆయన చేతులు వణుకుతున్నాయి, దబ్బనం వదిలి ఏడాదవుతోంది. రోజూ భోజనమైనాక తలుపు ఎవురు తీసినారని అడిగేవాడు. పత్రిక ఆగిపోయింది నాయనా, ఇంక రాదు అని చెప్పినాను.

"రాకపోతే ఏం? నువ్వు రాయలేవా? ఒకసారి రాసినావు గదా" అన్నాడు.

ఆ మాట కోసం నేను ఆరో తరగతి నుంచి ఎదురుచూస్తున్నానని ఆయనకి తెలియదు. ఆ రోజు నుంచి మధ్యాహ్నాలు నేనే కల్పించి చెప్పడం మొదలుపెట్టినాను. రెండేళ్లు చెప్పినాను. ఆ తలుపు మాత్రం తెరవలేదు. తిమింగలాలని తెచ్చినాను, వరదలు తెచ్చినాను, సరంగు కూతురికి ఒక కవల చెల్లెల్ని కూడా పుట్టించినాను. "ఇంకెన్నాళ్లే ఆ తలుపు కొట్టేది?" అని విసుక్కునేవాడు, మళ్లీ మర్నాటికి దిండుకి ఆనుకుని సిద్ధంగా కూచునేవాడు. టీవీ వాళ్లు కథని సాగదీస్తారని తిట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే, తలుపు మూసి ఉన్నంతకాలం మనిషి రేపటికి ఉంటాడని ఆశ.

చివరి నెలలో ఆయన బాగా నీరసించినాడు. పాపం, ఇక ఏడిపించకూడదు అనుకుని, ఒక రాత్రంతా కూర్చుని ఆ భాగం తయారు చేసుకున్నాను, రేపు మధ్యాహ్నం తలుపు తీయించేద్దామని. తెల్లవారి నాయన లేవలేదు. తలుపు వెనక ఎవరున్నారో నాకు తెలుసు. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.