నేనడిగింది బెల్లం

మనిషి కొంప మునగడానికి శారదా నదికి వరద రానక్కరలేదు. రెండు పెదవులు ఒకసారి కలిపి విడదీస్తే చాలు. నా కొంప అలాగే మునిగింది. మునిగినవాణ్ణి ఇప్పటికీ తేలలేదు, తేలాలని పెద్దగా ప్రయత్నించనూ లేదు. ఎలా మునిగానో చెబుతాను, మొహమాటపడకుండా నవ్వుకోండి. ఆ రోజు నవ్వినవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. వాళ్ళ స్థానంలో కొత్తవాళ్ళు కావాలి.

యుద్ధం రోజులవి. పంచదార రేషనులో దొరికేది, ఉద్యోగం రేషనులో కూడా దొరికేది కాదు. నేను బి.ఏ. ప్యాసై అనకాపల్లి వీధుల్లో చెప్పులు అరగదీస్తున్నాను. మద్రాసులో చెవిటి పిల్లలకు చదువు చెప్పే మేష్టర్లను తయారుచేస్తున్నారనీ, బి.ఏ. వాళ్ళకు ఏడాది ట్రైనింగనీ ఎవరో చెబితే వెళ్ళి చేరిపోయాను. మా అమ్మ వీధిలో అందరితోనూ మావాడు డాక్టరీ లాంటిదేదో చదువుతున్నాడని చెప్పుకుంది. వీధి నమ్మలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదితే 'కొరుకుడు పడటం లేదా' అన్నాడని సామెత ఉంది కదా, సెలవులకు ఇంటికొస్తే చాలు, ప్రతివాడికీ నన్ను చూడగానే ఆ సామెతే గుర్తుకొచ్చేది. శంఖం ఎంతవరకు కొరికావని అడిగేవారు.

మీకు ఆ చదువు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గొప్పతనం బోధపడదు. వినపడని పిల్లలు ఎదుటివాడి పెదవుల కదలిక చూసి మాట పోల్చుకోవాలి. తామూ నోటితోనే మాట్లాడడం నేర్చుకోవాలి. చేతులతో సైగలు చేయకూడదు. సైగ అలవాటైతే మాట రాదని ఆ రోజుల్లో అందరూ గట్టిగా నమ్మేవారు. అందుకని పిల్లలను చేతులు కట్టుకుని కూర్చోమనేవాళ్ళం. ఎదురుగా అద్దం పెట్టి, మేష్టారి గొంతు మీద వాళ్ళ వేళ్ళు ఆనించి, నోటి ముందు ఊపిరికి కదిలేలా కాగితం ముక్క పట్టుకుని అక్షరాలు పలికించేవాళ్ళం. మా మాస్టారు ఒకరోజు ప, బ, మ అనే మూడక్షరాలను గురించి గంటసేపు చెప్పారు. పెదవుల మీద ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయట. చెవి ఉన్నవాడికే అవి మూడు, కంటికి మాత్రం ఒకటేనట. ఆ గంటసేపూ నేను కిటికీలోంచి ట్రాము బండ్లు చూస్తూ కూర్చున్నాను. అనకాపల్లిలో ట్రాములు ఉండి ఉంటే నా కథ ఇంకోలా ఉండేది.

వేసవి సెలవుల్లో ఎవరి ఊళ్ళో వాళ్ళు ఒక చెవిటి బిడ్డకు పాఠం చెప్పి రావాలన్నారు. నాకు బిడ్డ కోసం వెతుక్కునే పని లేదు. మా అమ్మకు వరసకు తమ్ముడైన అప్పలస్వామి మామ బెల్లం మార్కెట్టులో చిన్న వ్యాపారి. ఆయన రెండో కూతురు నూకాలుకు పసితనంలో జ్వరం వచ్చి చెవులు పోయాయి. నేను వెళ్ళేనాటికి దానికి పదేళ్ళుంటాయి. తల్లి లేదు. పెద్ద కూతురు సత్యవతే ఇల్లు చూసుకుంటూ దాన్ని పెంచింది. సత్యానికి సంబంధాలు వచ్చేవి గాని, ఆమె ఒక్కదానికీ ఒప్పుకునేది కాదు. "నాను ఎల్లిపోతే నూకాలు మాట ఈ ఇంట్లో ఎవరికి తెలుత్తాది?" అనేదట. ఆ మాటతో మామ నోరు మూతపడేది.

అక్కాచెల్లెళ్ళిద్దరికీ చేతుల భాష ఒకటుండేది. అది వాళ్ళు కట్టుకున్నదే, ఏ బడిలోనూ నేర్పలేదు. బెల్లం అంటే ఎడమ అరచేతిలో కుడి పిడికిలితో కొట్టడం, రాయితో దిమ్మ పగలగొట్టినట్టు. వాన అంటే పది వేళ్ళూ కిందికి జార్చడం. నాన్న అంటే మీసం. నేను వెళ్ళిన మొదటిరోజే అదంతా కట్టిపెట్టించాను. చేతులు కట్టుకో అన్నాను. సత్యం తలుపు దగ్గర నిలబడి కాసేపు చూసింది.

"దాని చేతులు కట్టేత్తే నోరు కట్టేసినట్టు గాదేటి బావా?" అంది.

నేను ఒక చిరునవ్వు నవ్వి, ఇది శాస్త్రం, నీకు తెలియదు అన్నాను. ఆ చిరునవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నన్ను చెంపదెబ్బ కొట్టాలనిపిస్తుంది.

అయితే నూకాలు చురుకైన పిల్ల. నా పెదవుల మీద నుంచి చూపు తిప్పేది కాదు. ఎవరైనా నా మొహం అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు. నెల తిరక్కుండా చెంబు, తాడు, అరటిపండు, ఆకు అన్నీ పోల్చింది. ఏటికొప్పాక లక్క బొమ్మల జత ఒకటి తెచ్చి మొగుడు, పెళ్ళాం అని కూడా నేర్పాను. బెల్లం సంగతైతే చెప్పనక్కరలేదు. నేనా మాట అనడం ఆలస్యం, లోపలికి పరుగెత్తి ముక్క తెచ్చేది. సగం నాకు పెట్టి సగం తను తినేది. నా బోధనకు నేనే మురిసిపోయాను. అంతటితో ఆగక మద్రాసుకు జాబు రాశాను. మాస్టారు మా బడి వసతిగృహంలో నూకాలుకు ఒక చోటు అట్టేపెడతామనీ, బడి తెరిచేలోగా తీసుకురమ్మనీ జవాబిచ్చారు. ఆ చోటు తప్పితే మళ్ళీ ఎప్పటికో.

మామ ఒప్పుకోలేదు. చెవుల్లేని ఆడపిల్లను అంత దూరం ఎలా పంపడం అన్నాడు. నేను రోజూ బతిమాలాను. చివరికి ఒక సాయంత్రం నూకాలు తనంతట తానే ఆయన దగ్గరికెళ్ళి, మీసం సైగ చేయకుండా, నోరు తెరిచి "నా...న" అంది. మామ గబగబా లేచి, పనేదో ఉన్నట్టు పెరట్లోకి వెళ్ళిపోయాడు. వచ్చాక కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"సూడు అల్లుడూ," అన్నాడు. అప్పటికి అది వట్టి వరసే సుమండీ. "రేపు పెద్దమనుషుల ముందు ఒక్క మాట చెప్పు. అది లోపలికెళ్ళి అడిగింది తెత్తే రైలెక్కిత్తాను. తేలేదా, ఈ ఊసు మరెత్తకు."

మర్నాడు సాయంత్రం సావిడి నిండిపోయింది. మార్కెట్టు వాళ్ళు వచ్చారు. పక్కింటి అత్తరు కొట్టు ఖాదర్ సాయిబుగారు కుర్చీ వేయించుకుని ముందే కూర్చున్నారు. నేను లోపలి గుమ్మానికి వీపు పెట్టి నిలబడ్డాను. నూకాలు నాకెదురుగా, తలకు నూనె రాసి, రెండు జడలతో. నా పెదవులు కదలకముందే దాని కళ్ళు వాటి మీద ఉన్నాయి.

నేను గొంతు సవరించుకుంటుంటే మామ ఆపాడు. ఆ పిల్లకు కూసింత వినబడతాదేమోనని అనుమానం రాకూడదు, గొంతు ఎత్తకుండా ఉత్త పెదాలతోనే చెప్పమన్నాడు. ఏ మాటన్నదీ తర్వాత చెబితే చాలన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"చేతులు ఎనక్కి కట్టుకో. సైగలు కూడదని నువ్వే గదా అన్నావు."

అలాగేనని దర్జాగా చేతులు వెనక్కి కట్టుకున్నాను. ఏ మాట చెప్పాలో నాకు సందేహమే లేదు. ఒక్కసారి కూడా తప్పని మాట, ఆ ఇంటికి అన్నం పెట్టే మాట. పెదవులు బాగా కలిపి, విడదీసి, నిదానంగా, శాస్త్రోక్తంగా 'బెల్లం' అన్నాను.

నూకాలు కనుబొమలు పైకి లేచాయి. నన్నొకసారి ఎగాదిగా చూసింది. తర్వాత దాని మొహమంతా నవ్వు పరుచుకుంది. నా పక్కనుంచి లోపలికి పరుగెత్తింది. గెలిచేశామనుకుని నేను ఖాదర్ సాయిబుగారి వంక చూసి తల పంకించాను.

గాజుల చప్పుడైంది. బెల్లం ముక్కకు గాజులెక్కడివి అని వెనక్కి తిరిగాను. నూకాలు వాళ్ళక్కను చెయ్యి పట్టుకుని లాక్కొస్తోంది. తెచ్చి సరిగ్గా నా పక్కన నిలబెట్టింది. లక్క బొమ్మల జతలా దూరం సరిచేసింది. ఆపైన నా ఎదుటికొచ్చి, బహుమానానికి అరచెయ్యి చాపింది.

పాఠకులారా, మీరు ఎంచక్కా కూర్చుని బెల్లం, పెళ్ళాం అని అద్దం ముందు అనుకుని చూడండి. నేను ఆ క్షణంలోనే తెలుసుకున్నాను. ఆ రెండింటి మధ్య ఉన్న తేడా అంతా చెవిలోనే ఉంది, పెదవుల మీద ఏమీ లేదు.

సావిడిలో ఎవరూ కదలలేదు. మామ మాత్రం నెమ్మదిగా అడిగాడు.

"నువ్వడిగిందేటి?"

ఇదండీ నా సంకటం. బెల్లం అని నిజం చెబితే నూకాలు తప్పినట్టు. మద్రాసు లేదు, బడి లేదు, ఆ "నా...న" దగ్గరే దాని చదువు ఆగిపోతుంది. పెళ్ళాం అని అబద్ధం చెబితే అది గెలిచినట్టు, నేను చచ్చినట్టు. పాఠం చెబుతానని ఇంట్లో చేరి పెద్దపిల్ల మీద కన్నేశాడని అనకాపల్లి అంతా అంటుంది. పారిపోదామంటే పక్కనే సత్యం ఉంది. ఆమె మొహం చూసే ధైర్యం లేక కిందికి చూశాను. నూకాలు చెయ్యి ఇంకా చాపే ఉంది. అందరి మొహాలూ చూస్తోంది. దాని నవ్వు కొంచెం కొంచెంగా తగ్గిపోతోంది. తానేదో తప్పు చేసిందని దానికి తెలుస్తోంది. అది నేను చూడలేకపోయాను.

"పెళ్ళాం, మామా," అన్నాను.

మామ బెల్లం కొట్టిన రాయిలా కూర్చుండిపోయాడు. మొదట కదిలింది ఖాదర్ సాయిబుగారు.

"పిల్ల పాసయిపోయింది అప్పలసామీ," అన్నారాయన గడ్డం సవరించుకుంటూ. "మేష్టారి సంగతి ఇంక నువ్వు సూసుకో."

సావిడి విరిగిపడేలా అందరూ నవ్వారు. మామ చేతికర్ర కోసం అటూ ఇటూ వెతికాడు. దొరికాక, దాన్ని పట్టుకుని నా వైపు రాకుండా కూతురి వైపు తిరిగి, ఏటే నువ్వేటంటావు అని అడిగాడు. సత్యం తల వంచుకునే, గొంతు మాత్రం స్పష్టంగా చెప్పింది.

"దాన్ని మద్రాసు పంపుతానన్నావు గదా. నానూ ఎల్తే దానికి తోడుంటాను."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్కదానితో సరిపెట్టాను. బడి తెరవబోయే ముందే ముహూర్తం పెట్టారు. పీటల మీద ఇంకో ముచ్చట జరిగింది. జీలకర్ర సిద్ధంగా ఉంది, బెల్లం ఎక్కడ పెట్టారో కనబడలేదు. పురోహితుడు కంగారుగా నూకాలు వైపు తిరిగి "బెల్లం, బెల్లం" అన్నాడు. అది ఆయన పెదవులు చూసింది, తెర అవతల ఉన్న అక్కను చూసింది, ఈయనకు కళ్ళు కూడా లేవు కాబోలు అన్నట్టు జాలిగా సత్యం వైపు వేలు చూపించింది. నాకు నవ్వాగలేదు, తెర పట్టుకున్నవాళ్ళకూ ఆగక అది జారిపోయింది. మద్రాసులో మాస్టారికి జరిగిందంతా చెబితే, ప, బ, మ పాఠం చెప్పిన రోజు నువ్వెక్కడున్నావని అడిగారు. ట్రాములో ఉన్నానండీ అన్నాను.

ఆ బడిలోనే నాకు పని దొరికింది. నూకాలు అక్కడే చదివింది. పగలు బడిలో చేతులు కట్టుకునేది, సాయంత్రం మా ఇంటికొచ్చి వాళ్ళక్కతో చేతులారా మాట్లాడేది. నేను అడ్డు చెప్పడం మానేశాను. కొన్నాళ్ళకు నేనూ కలిశాను. వాళ్ళిద్దరి నవ్వుల్లో సగం నా గురించేనని అప్పుడు తెలిసింది.

ఇంత జరిగినా ఒక్క విషయం నా మనసులో ముల్లులా ఉండిపోయింది. ఈమెను నేను అబద్ధమాడి కట్టుకున్నాను కదా అని. ఒకరోజు సత్యం పాకం పడుతుంటే, పొయ్యి పక్కన కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. ఆ రోజు నేనడిగింది నిన్ను కాదు, బెల్లం ముక్క అన్నాను. గరిటె ఆగలేదు.

"తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"గుమ్మం ఎనక నానే ఉన్నాను గదా. నువ్వు పెదాలు కదిపినప్పుడల్లా నీ చేతులూ కదులుతాయి బావా. మాకు వద్దన్నావు గాని, నువ్వు నేర్చేసుకున్నావు. పాఠం చెప్పినన్నాళ్ళూ బెల్లం అన్నప్పుడల్లా పిడికిలితో అరచేతిలో కొట్టేవోడివి. నూకాలు సూసింది నీ పెదాలు కాదు, నీ చేతులు. ఆ రోజు కూడా ఈపు ఎనకాల కొడతనే ఉన్నావు. దానికి కనబడలేదు. నాకు కనబడింది."

నేను కాసేపు ఆ ఎడమ అరచెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. శాస్త్రం చదివినవాణ్ణి. తర్వాత ఒక సందేహం వచ్చింది.

"మరి అది లోపలికి రాగానే బెల్లం ముక్క తీసి దాని చేతిలో పెట్టొచ్చు కదా?"

సత్యం పాకం తీగ వచ్చిందేమో చూసుకుంది.

"పెట్టొచ్చు," అంది.

కనుక, శారదా నది సాక్షిగా, అనకాపల్లి బెల్లం దిమ్మ మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మరెన్నడూ పెదవులతో ఎవరినీ బెల్లం అడగను. తినాలనిపిస్తే లేచి వెళ్ళి డబ్బా మూత నేనే తీసుకుంటాను. ఒకసారి అడిగినందుకు వచ్చింది జీవితమంతా సరిపోయింది. ఇంకొకటి వస్తే పెట్టుకోవడానికి ఇంట్లో చోటూ లేదు, మొదటిది ఊరుకోదు కూడాను.