మోసుకుపోయే ఇల్లు

ఈ పొద్దున ఎదురింటివాళ్లు ఖాళీ చేసి వెళ్లారు. సామానంతా లారీ ఎక్కింది. గుమ్మానికి ఎండిన మామిడాకుల తోరణం ఒక్కటే మిగిలింది. దాన్ని చూస్తుంటే రోసా ఉత్తరం గుర్తొచ్చింది.

పంతొమ్మిది వందల యాభైల్లో కర్నూలు కాన్వెంటు హాస్టల్లో ఉన్నవాళ్లకు ఆదివారం ఉత్తరాల గంట గుర్తుండే ఉంటుంది. అందరికీ ఇంటి నుంచి ఉత్తరాలు వచ్చేవి. నాకు రాకపోవడం చూసి, సిస్టర్ ఫిలిప్పీన్స్‌లో రోసా అనే పల్లెటూరి పిల్లతో కలం స్నేహం కుదిర్చింది.

ఉల్లిపొరలాంటి కాగితం మీద రోసా తన ఊరి గురించి రాసింది. చుట్టూ వరిమళ్లు, కొబ్బరిచెట్లు, ఏటా గాలివాన. ఇళ్లన్నీ వెదురువి. ఎవరైనా చోటు మారాలంటే ఊళ్లో మగవాళ్లంతా కలిసి ఇంటినే భుజాల మీద మోసుకుపోతారట.

పక్క మంచం సుబ్బమ్మ పగలబడి నవ్వింది.

"ఇల్లు మోస్తారంటనా! అట్లయితే మీ ఆలూరి మిద్దెను గూడా ఈడికి మోసుకురమ్మని రాయిమే!"

నేను నిజంగానే రాశాను. మాది రాతిగోడల మిద్దె, పైన మన్ను, శానా బరువు, అయినా మీవాళ్లు మోయగలరా అని అడిగాను. వాకిట్లో రోలును మరిచిపోవద్దని కూడా రాశాను.

రెండు నెలలకు జవాబొచ్చింది. "మోస్తారు. కానీ ముందు లోపలివాళ్లంతా బయటికి రావాలి. మీ ఇంట్లో ఎంతమంది?"

అమ్మ పోయాక ఆ ఇంటికి తాళం వేసే నన్ను హాస్టల్లో చేర్చారు.